స్కేలు తప్పిన సైటు ప్లాన్లు: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఇంటి అనుమతి కోసం జత చేసే పటాల మీద కర్నూలు, అనంతపురం, కడప వైపు నుంచి వచ్చిన ప్రశ్నలను ఈసారి ఒకచోట చేర్చాం. ఆన్‌లైన్‌లో దరఖాస్తు వేసేది ఎల్‌టీపీయే, అంటే లైసెన్సు ఉన్న సాంకేతిక నిపుణుడే. అయినా కొలతలు చెప్పేది, కింద సంతకం పెట్టేది స్థలం యజమానే కదా. ఆ కాగితం మీద ఏముందో యజమానికీ తెలియాలి.

ప్రశ్న: మా ప్లాను మీద 1:100 అని స్పష్టంగా రాసి ఉంది. ఆఫీసులో స్కేలు పెట్టి చూసి, కొలత కలవడం లేదని తిప్పి పంపినారు. గీసినాయన కంప్యూటర్లో అంతా సరిగ్గానే ఉందంటాడు. ఇద్దరిలో ఎవరిది తప్పు సార్?
– ఒక పాఠకుడు, కల్లూరు, కర్నూలు

జవాబు: ఇద్దరూ నిజమే చెబుతూ ఉండవచ్చు. తప్పు ప్రింటు తీసిన చోట జరిగి ఉంటుంది. మాకు వచ్చే పది ఫిర్యాదుల్లో ఎక్కువ భాగం ఇలాంటివే.

1:100 అంటే కాగితం మీద 1 సెంటీమీటరు, నేల మీద 1 మీటరు. మీ ఇంటి గోడ 12 మీటర్లయితే కాగితం మీద 120 మి.మీ. ఉండాలి. ప్లానును ఏ3 కాగితానికి (420 × 297 మి.మీ.) గీసి, జిరాక్సు అంగట్లో ఏ3 లేదని ఏ4 మీద తీయించారనుకోండి. పొడవు 70.7 శాతానికి కుదించుకుపోతుంది. 120 మి.మీ. గోడ 85 మి.మీ. అవుతుంది. ఆఫీసులో స్కేలు పెట్టినవాళ్లకు మీ గోడ ఎనిమిదిన్నర మీటర్లుగా కనిపిస్తుంది. కాగితం మీద మాత్రం 1:100 అనే రాసి ఉంటుంది. నిజానికి అది 1:141.

ఇంత పెద్ద తేడా అయితే కంటికి దొరుకుతుంది. దొరకనిది ఇంకొకటి ఉంది. కాగితం సైజు సరిగ్గానే ఉన్నా, ప్రింటు పెట్టెలో ‘ఫిట్ టు పేజ్’ అనే మాట దగ్గర టిక్కు ఉంటే, అంచులకు చోటు వదలడానికి యంత్రం బొమ్మను మూడు నాలుగు శాతం తగ్గిస్తుంది. 120 మి.మీ. గోడ 115 అవుతుంది. ఎవరికీ అనుమానం రాదు. ఒకటిన్నర మీటర్లు వదిలిన చోట కాగితం మీద 1.44 కనిపిస్తుంది. స్థలం చాలినంత వదల్లేదని అభ్యంతరం రాస్తారు. మీరేమో నేల మీద కొలిచి, ‘వదిలాం కదా’ అని వాదిస్తారు.

అందుకని ప్రింటుకు పంపేటప్పుడు ‘యాక్చువల్ సైజ్’ గాని, 100 శాతం గాని ఎంచుకోండి. పీడీఎఫ్ తయారు చేసేటప్పుడే కాగితం సైజు ఏ3 అని పెట్టాలి. ప్లాను మూలన సరిగ్గా 100 మి.మీ. అడ్డగీత ఒకటి, 100 మి.మీ. నిలువుగీత ఒకటి గీయించండి. ప్రింటు చేతికి రాగానే స్టీలు స్కేలుతో రెండూ కొలవండి. రెండూ ఎందుకంటే, రోలరు మీద కాగితం నడిచే యంత్రాలు ఒక్కోసారి ఒక దిక్కుకే సాగదీస్తాయి. అర మిల్లీమీటరు లోపు తేడా ఉంటే పర్వాలేదు. అంతకు మించితే ఆ కాగితాన్ని పక్కన పెట్టి మళ్లీ తీయించండి.

స్కేలు రాసే చోట ‘1:100, ఏ3 కాగితం మీద’ అని కాగితం సైజు కూడా రాయాలి. దాని కింద మీటర్ల గుర్తులతో స్కేలు పట్టీ ఉండాలి. ప్లాను కుదించుకుపోతే పట్టీ కూడా దాంతోపాటే కుదించుకుంటుంది కాబట్టి, అంకె అబద్ధమైనా పట్టీ నిజమే చెబుతుంది. అదనపు కాపీ కావాలంటే జిరాక్సు వద్దు, ఫైలు నుంచి మళ్లీ ప్రింటు తీయించండి. వాట్సాప్‌లో ఫొటోగా పంపిన ప్లాను నుంచి ప్రింటు తీయడం ఇంకా చేటు, దానికి కాగితం సైజు అన్నదే ఉండదు. పంపక తప్పకపోతే పీడీఎఫ్‌ను డాక్యుమెంటుగా పంపండి.

ప్రశ్న: మా నాయన కొన్న స్థలం మూలలు సక్కంగా లేవు. దక్షిణం రోడ్డు వైపు 12.20 మీ., తూర్పు 18.30, ఉత్తరం 11.60, పడమర 18.00. ఎదురు పక్కలు కలిపి సగం చేసి గుణిస్తే 215.99 చదరపు మీటర్లు వచ్చింది. ఇదే రాయించొచ్చునా?
– గుంతకల్లు, అనంతపురం జిల్లా

జవాబు: రాయించవద్దు. నాలుగు పక్కల కొలతలతో స్థలం ఆకారం నిలవదు. కోళ్లు వదులైన నులక మంచాన్ని చూడండి. పట్టెల పొడవు మారదు, మంచం మాత్రం ఒక పక్కకు ఒరుగుతుంది. ఒరిగేకొద్దీ లోపలి చోటు తగ్గుతుంది. మీ నాలుగు అంకెలతోనే లెక్కలేనన్ని ఆకారాలు గీయవచ్చు, ఒక్కోదానికి ఒక్కో విస్తీర్ణం. మూల నుంచి మూలకు కర్ణం కొలిస్తేనే ఆకారం బిగుసుకుంటుంది.

నైరుతి మూలను క, ఆగ్నేయాన్ని ఖ, ఈశాన్యాన్ని గ, వాయవ్యాన్ని ఘ అనుకుందాం. క నుంచి గ వరకు టేపు పెడితే 20.00 మీటర్లు వచ్చిందనుకోండి. స్థలం రెండు త్రిభుజాలయింది.

మొదటిది 12.20, 18.30, 20.00. మూడూ కలిపి సగం చేస్తే 25.25. అందులోంచి ఒక్కో పక్కను తీసేస్తే 13.05, 6.95, 5.25. ఈ నాలుగు అంకెలనూ గుణించి వర్గమూలం తీస్తే 109.65 చ.మీ. రెండోది 20.00, 11.60, 18.00. సగం 24.80, మిగిలినవి 4.80, 13.20, 6.80. వర్గమూలం 103.37. మొత్తం 213.02 చ.మీ.

మీరు వేసిన లెక్కకు దాదాపు 3 చ.మీ. తక్కువ, అంటే మూడున్నర గజాలు. స్థలం ఇంకా ఒరిగి ఉంటే తేడా ఇంకా పెరుగుతుంది. పక్కల సగటు పద్ధతి ఎప్పుడూ ఎక్కువే చూపిస్తుంది, తక్కువ చూపదు. దాన్ని నమ్మి ప్లాను గీస్తే, తీరా ముగ్గు పోసే రోజున ఒక మూల గోడ పక్కవాళ్ల హద్దులోకి పోతుంది.

రెండో కర్ణం కూడా కొలవండి. అది లెక్కకు అక్కర్లేదు, పరీక్షకు కావాలి. పైన చెప్పిన కొలతలకు ఖ నుంచి ఘ వరకు 23.28 మీటర్లు రావాలి. మూడు నాలుగు సెంటీమీటర్ల తేడా సహజం. పది సెంటీమీటర్లు దాటితే ఏదో ఒక పక్క తప్పు కొలిచారన్నమాట.

కొలిచేటప్పుడు జరిగే తప్పులు ఎక్కువగా మూడు. మొదటిది ఏటవాలు. 30 మీటర్ల పొడవులో నేల 2 మీటర్లు దిగితే, నేల వెంట పరిచిన టేపు 30 చూపించినా పటంలో వేయాల్సింది 29.93 మీటర్లే. టేపును నేల మీద పరచకుండా మట్టంగా పట్టుకొని, మేస్త్రీ వాడే గుండు దారంతో కిందికి గుర్తు దించి, ముక్కలు ముక్కలుగా కొలవాలి. గుడ్డ టేపు లాగితే సాగుతుంది, స్టీలు టేపు తీసుకోండి. మండుటెండలో కాలిన స్టీలు టేపు కూడా 30 మీటర్లకు ఒక సెంటీమీటరు దాకా పెరుగుతుంది, అది పెద్ద లెక్క కాదు.

రెండోది ఎక్కడి నుంచి కొలవాలన్నది. గోడ పూర్తిగా మీ సొంతమైతే బయటి ముఖం నుంచి. ఉమ్మడి గోడ అయితే మధ్య నుంచి. కడప బండలు పాతిన కంచె అయితే ఒరిగిన బండ పైకొస నుంచి కాదు, నేలకు ఆనిన చోటు నుంచి. ఏ హద్దుకు ఎక్కడి నుంచి కొలిచారో చిత్తు పటం మీద రాసుకోండి. రెండు రోజుల తర్వాత గుర్తుండదు.

మూడోది అడుగులు, అంగుళాలు. 40 అడుగుల 9 అంగుళాలను 40.9 అని రాసేవాళ్లు చాలామంది ఉన్నారు. 9 అంగుళాలంటే ముప్పాతిక అడుగు. అది 40.75 అడుగులు, అంటే 12.42 మీటర్లు. 40.9 అని వేస్తే 12.47 అవుతుంది. అందుకే మొదటి నుంచీ మీటర్లలోనే కొలవమంటాం.

దస్తావేజులో ఉన్న విస్తీర్ణం, నేల మీద వచ్చిన విస్తీర్ణం కలవకపోతే రెండూ ప్లాను మీద చూపించి, తక్కువ వచ్చినదాని మీద ఇల్లు డిజైను చేయించుకోండి. దస్తావేజు అంకె రావడానికి గీతను బయటికి జరపడం అన్నిటికంటే ప్రమాదం.

ప్రశ్న: మా స్థలం ఒకప్పుడు పొలం. ఎఫ్‌ఎంబీ (సర్వే వాళ్ల పొలం కొలతల పుస్తకం) నకలులో మా సబ్ డివిజనుకు ఒక పక్క 62, ఇంకో పక్క 91 అని ఉన్నాయి. అడుగులనుకొని లెక్కేస్తే 12.95 సెంట్లు వస్తోంది. దస్తావేజులో మాత్రం 5.64 సెంట్లే. మిగతా ఏడు సెంట్లు ఏమైనట్లు?
– ప్రొద్దుటూరు, కడప జిల్లా

జవాబు: ఏమీ కాలేదు, భూమి మీకు పూర్తిగానే ఉంది. ఆ అంకెలు అడుగులు కావు, లింకులు. రాయలసీమ పాత మద్రాసు రాష్ట్రంలోది కాబట్టి ఇక్కడి పాత ఎఫ్‌ఎంబీలు 66 అడుగుల గొలుసుతో కొలిచినవి. గొలుసుకు 100 లింకులు. ఒక లింకు 7.92 అంగుళాలు, అంటే 20.12 సెంటీమీటర్లు.

ఈ పద్ధతిలో ఒక సులువు ఉంది. 1,000 చదరపు లింకులు ఒక సెంటు. 62ను 91తో గుణిస్తే 5,642. మూడు స్థానాలు వెనక్కి చుక్క పెట్టండి: 5.642 సెంట్లు. మీ దస్తావేజు అంకె అదే. మీటర్లలో పక్కలు 12.47, 18.31. విస్తీర్ణం 228.3 చ.మీ., 273 గజాలు. మీ సబ్ డివిజను మూలలు లంబంగా ఉన్నాయి కాబట్టే ఇంత తేలిగ్గా కలిసింది. లేకపోతే పై జవాబులో చెప్పినట్లు కర్ణం చూడాలి. ఎఫ్‌ఎంబీలో అడ్డంగా పోయే గీత, దాని మీద నుంచి పక్కకు తీసిన లంబదూరాల (ఆఫ్‌సెట్) అంకెలు ఉండేది అందుకే.

దగ్గర పెట్టుకోవాల్సిన అంకెలు ఇవి: ఎకరా 100 సెంట్లు, 4,840 గజాలు. సెంటు 48.4 గజాలు, 435.6 చదరపు అడుగులు, 40.47 చ.మీ. గజం 0.836 చ.మీ. అంకణం అని రాసి ఉంటే తొందరపడవద్దు. ఒకచోట 36 చదరపు అడుగులకు, ఇంకోచోట 72కు వాడుతారు. మీ దస్తావేజు దేన్ని అనుకుని రాశారో చూసుకోవాలి.

ఎఫ్‌ఎంబీ నకలు మీద స్కేలు పెట్టి కొలిచి సైటు ప్లాను గీయవద్దు. అది ఎన్ని జిరాక్సులు దాటి వచ్చిందో చెప్పలేం. పటం మీద రాసిన అంకె నమ్మండి, గీత పొడవు నమ్మవద్దు. గ్రామ పటం విషయంలో ఇది మరీ ముఖ్యం. దాని మీద మైలుకు 16 అంగుళాలు అని ఉంటే స్కేలు 1:3960. అంటే 1 మి.మీ. దాదాపు 4 మీటర్లు. హద్దు గీత మందం 0.3 మి.మీ. అనుకున్నా, ఆ గీతే నేల మీద 1.2 మీటర్ల వెడల్పు. దాన్ని కంప్యూటర్లో ఇరవై రెట్లు పెద్దది చేసి సైటు ప్లాను అనిపించుకుంటే, హద్దు ఎక్కడుందో ఎవరూ చెప్పలేని కాగితం తయారవుతుంది. గ్రామ పటం మీ స్థలం ఊళ్లో ఎక్కడుందో చూపడానికి మాత్రమే.

రీసర్వే పూర్తయిన గ్రామాల్లో పాత సర్వే నంబరు స్థానంలో ఎల్‌పీఎం (ల్యాండ్ పార్సెల్ మ్యాప్) నంబరు వచ్చింది. దస్తావేజులో పాత నంబరు, కొత్త పటంలో ఎల్‌పీఎం ఉంటే ప్లాను మీద రెండూ రాయించండి. ఒక్కటే రాస్తే, ఇది వేరే స్థలమేమో అన్న ప్రశ్న తప్పకుండా వస్తుంది.

ప్రశ్న: ఉపగ్రహ చిత్రం మీద వీధులు గీసి, పటాలు గీసే సాఫ్ట్‌వేర్ క్యూజీఐఎస్‌లో 1:1000 పెట్టి లొకేషన్ ప్లాను ప్రింటు తీసినాము. ఫిట్ టు పేజ్ పెట్టలేదు. అయినా నేల మీద 100 మీటర్లున్న వీధి కాగితం మీద 104 మి.మీ. దాకా వస్తోంది. ఎందుకు?
– కర్నూలు

జవాబు: మంచి పరిశీలన. ప్రింటరు తప్పు లేదు. మీ ప్రాజెక్టు వెబ్ మెర్కేటర్‌లో ఉంది. గుండ్రటి భూమిని చదును పటంగా పరిచే ఒక పద్ధతి అది, దాని నంబరు 3857. ఇంటర్నెట్ పటాల్లో చాలావరకు అందులోనే ఉంటాయి. భూమధ్యరేఖ దగ్గర అది సరిగ్గానే ఉంటుంది, ఉత్తరానికి వచ్చేకొద్దీ దూరాలను సాగదీస్తుంది. కర్నూలు దగ్గర ఆ సాగు 3.9 శాతం, అనంతపురంలో 3.4, కడపలో 3.3. విస్తీర్ణమైతే కర్నూల్లో 8 శాతం ఎక్కువ. 12 మీటర్ల రోడ్డు పన్నెండున్నర మీటర్ల రోడ్డుగా కనిపిస్తుంది. రోడ్డు వెడల్పును బట్టి ఇంటి ఎత్తు, ముందు వదలాల్సిన చోటు మారతాయి కాబట్టి ఇది చిన్న తప్పు కాదు.

కుడి చేతి కింద మూలన ఉన్న నంబరు నొక్కి, ప్రాజెక్టును యూటీఎంకు మార్చండి. అది భూమిని నిలువు పట్టీలుగా విడదీసి మీటర్లలో చూపే పద్ధతి. ఇక్కడ మన జిల్లాలకు ప్రత్యేకమైన చిక్కు ఒకటుంది. యూటీఎం 43వ, 44వ మండలాల (జోన్ల) మధ్య గీత 78 డిగ్రీల రేఖాంశం. అది కర్నూలు నగరం నడుమ నుంచి పడమరగా నాలుగు కిలోమీటర్ల దూరంలోనే పోతుంది. కర్నూలు, ఓర్వకల్లు, నందికొట్కూరు 44లో పడతాయి (నంబరు 32644). డోన్, కోడుమూరు, ఎమ్మిగనూరు, ఆదోని 43లో (నంబరు 32643). అనంతపురం, గుంతకల్లు, గుత్తి 43. తాడిపత్రి దాదాపు గీత మీదే ఉండి, 44 వైపు పడుతుంది. కడప, ప్రొద్దుటూరు, పులివెందుల, జమ్మలమడుగు అన్నీ 44.

ఎవరైనా మీకు రోవరుతో (ఉపగ్రహ సంకేతాలతో కొలిచే సర్వే యంత్రంతో) తీసిన కోఆర్డినేట్లు ఇస్తే ఈస్టింగ్ అంకె, అంటే తూర్పు వైపు దూరం చెప్పే అంకె చూడండి. కర్నూలు నగరానికి 1.82 లక్షల దగ్గర ఉంటే అది 44. 8.25 లక్షల దగ్గర ఉంటే 43వ మండలం పెట్టి తీశారు. ఒక మండలం అంకెలను ఇంకో మండలంలో వేస్తే స్థలం వందల కిలోమీటర్ల అవతల పడుతుంది. అలా పడటం ఒక రకంగా మేలు, తప్పు వెంటనే తెలిసిపోతుంది.

యూటీఎంకు మార్చాక కూడా మండలం అంచున ఉన్నాం కాబట్టి కర్నూల్లో కిలోమీటరుకు దాదాపు 85 సెంటీమీటర్లు ఎక్కువ చూపుతుంది. లొకేషన్ ప్లానుకు అది లెక్కలోకి రాదు. 30 మీటర్ల స్థలానికి రెండున్నర సెంటీమీటర్లు. సైటు ప్లాను మీద రాసే పొడవు మాత్రం టేపుతో కొలిచిందే రాయండి.

ఉపగ్రహ చిత్రం మీద కనిపించే కాంపౌండు గోడను హద్దుగా గీయవద్దు. చిత్రం కొన్ని మీటర్లు పక్కకు జరిగి ఉండవచ్చు. ఫోన్ జీపీఎస్ కూడా బయలు ప్రదేశంలోనే మూడు నుంచి ఐదు మీటర్లు అటూ ఇటూ చూపుతుంది. 9 మీటర్ల వెడల్పు స్థలానికి అది ఏ మూలకు సరిపోతుంది?

ప్రశ్న: ఏ పటానికి ఏ స్కేలు పెట్టాల? సైటు ప్లానులో ఏమేమి ఉండాల?
– అనంతపురం

జవాబు: జాతీయ భవన నిర్మాణ స్మృతి 2016 ప్రకారం లొకేషన్ చూపే కీ ప్లాను 1:10000 కంటే చిన్న స్కేలులో ఉండకూడదు. చిన్న స్కేలు అంటే కుడివైపు అంకె పెద్దది. 1:20000 పనికిరాదు, 1:5000 పనికొస్తుంది. ఈ చిన్న, పెద్ద దగ్గరే చాలామంది తడబడతారు. సైటు ప్లానుకు హెక్టారు వరకు 1:500, ఆపైన 1:1000. ఇంటి ప్లాన్లకు 250 చ.మీ. వరకు స్థలమైతే 1:50, అది దాటితే 1:100, 2,500 చ.మీ. దాటితే 1:200.

ఐదు సెంట్ల స్థలం సైటు ప్లానుకు మాత్రం మా సలహా వేరు. 1:500లో 18 మీటర్లు 36 మి.మీ. అవుతుంది. అందులో వదిలిన మీటరున్నర చోటు 3 మి.మీ., కొలత రాయడానికే చోటుండదు. 1:200 గాని 1:100 గాని పెట్టించండి. 30 × 60 అడుగుల స్థలం (9.14 × 18.29 మీ.) 1:100లో 91 × 183 మి.మీ. అవుతుంది, ఏ4లో హాయిగా పడుతుంది. అదే 1:50లో 183 × 366 మి.మీ., దానికి ఏ3 కావాలి.

సైటు ప్లానులో ఉండాల్సినవి: నాలుగు హద్దుల పొడవులు, కనీసం ఒక కర్ణం, దస్తావేజు చెక్కుబందీలో ఉన్నట్లే నాలుగు వైపుల వివరం, పక్క స్థలాల సర్వే నంబర్లు లేదా డోరు నంబర్లు, ఉత్తర దిక్కు, కట్టబోయే ఇంటి నాలుగు మూలల నుంచి హద్దుకు దూరం, పాత కట్టడం ఉంటే అది, బావి లేదా బోరు, ఇంకుడు గుంత, సెప్టిక్ ట్యాంకు, మురుగు పోయే దారి, మీద నుంచి పోయే కరెంటు తీగలు. ఇంటి నుంచి హద్దుకు దూరం ప్రతి పక్కా రెండు చివర్లలో రాయించండి. స్థలం వంకరగా ఉంటే ముందు చివర 1.5, వెనక చివర 1.2 ఉండవచ్చు. లెక్కలోకి తక్కువదే వస్తుంది.

రోడ్డు వెడల్పు గురించి కొంచెం వివరంగా చెప్పాలి. తారు వెడల్పు రోడ్డు వెడల్పు కాదు. మీ హద్దు నుంచి ఎదుటి హద్దు వరకు, రోడ్డుకు లంబంగా కొలవాలి, కాలువలు కూడా కలుపుకుని. స్థలం రెండు మూలల దగ్గర, మధ్యలో, మూడు చోట్ల కొలిచి తక్కువ వచ్చింది రాయండి. పాత వీధుల్లో ఎదుటి అరుగు ముందుకు వచ్చి ఉంటే అరుగు వరకు ఒకటి, అసలు హద్దు వరకు ఒకటి రెండూ రాయించాలి. మాస్టర్ ప్లానులో ఆ రోడ్డు ఇంకా వెడల్పు కావాల్సి ఉంటే పోయే భాగాన్ని వేరుగా గీతలు గీసి, మొత్తం విస్తీర్ణం, పోయే విస్తీర్ణం, మిగిలే విస్తీర్ణం మూడూ పట్టికలో రాయాలి. ముందు వదలాల్సిన చోటును విస్తరణ గీత నుంచి కొలవాలి, ఇప్పుడున్న హద్దు నుంచి కాదు. ఇక్కడ పొరపాటు చేస్తే ప్లాను మొత్తం మళ్లీ గీయాల్సిందే.

రంగులకూ లెక్క ఉంది. స్థలం హద్దు మందపాటి నలుపు గీత, ఉన్న వీధి ఆకుపచ్చ, రాబోయే వీధి ఆకుపచ్చ చుక్కలు, కట్టబోయేది ఎరుపు నింపి, పడగొట్టేది పసుపు గీతలు, మురుగు గొట్టాలు ఎరుపు చుక్కలు, నీటి గొట్టాలు సన్నని నలుపు చుక్కలు. బ్లాక్ అండ్ వైట్ ప్రింటు తీస్తే ఇవన్నీ ఒకటైపోతాయి.

ప్రశ్న: మా స్థలం బుగ్గవంకకు దగ్గర. వంకలో నీళ్లు ఎప్పుడో తప్ప ఉండవు. నీళ్లున్న చోటి నుంచి దూరం చూపితే చాలునా? స్థలం పక్కనే కరెంటు లైను కూడా పోతుంది.
– కడప

జవాబు: చాలదు. దూరం కొలవాల్సింది వంక నిర్ణీత హద్దు నుంచి, చెరువైతే పూర్తి నీటిమట్టం గీత నుంచి. ఎండిన వంకలో నీళ్ల అంచు నుంచి కొలిస్తే ఇల్లు వంక లోపలే పడవచ్చు. 2009 అక్టోబరులో కర్నూలును, 2022 అక్టోబరులో అనంతపురం నడిమివంక పక్క కాలనీలను ముంచిన నీళ్లు, ఎండ రోజుల్లో కనిపించే అంచులు చూసి రాలేదు. వంక హద్దును సర్వే పటం నుంచి తీసుకుని, మీ స్థలానికి దగ్గరగా ఉన్న బిందువు నుంచి లంబదూరం రాయించండి. నీటిపారుదల శాఖ రాళ్లు పాతి ఉంటే వాటిని కూడా ప్లానులో చూపండి.

కరెంటు లైను ఎన్ని వోల్టులదో ముందు తెలుసుకోండి. ఇళ్లకు వచ్చే మామూలు లైను, 11 కేవీ లైను రెండింటికీ ఇంటి నుంచి అడ్డంగా 1.2 మీటర్లు ఉండాలి, 33 కేవీకి 2 మీటర్లు. పైన ఖాళీ మామూలు లైనుకు 2.5 మీటర్లు, 11, 33 కేవీలకు 3.7 మీటర్లు. కొలత స్తంభం నుంచి కాదు, మీ వైపు చివరి తీగ నుంచి. ఇంటి వైపు గోడ నుంచి కూడా కాదు, బాల్కనీ లేదా సజ్జ కొస నుంచి. ఈ రెండు మాటలు మరిచిపోయి గీసిన ప్లానులో మీటరు తేడా ఇట్టే వస్తుంది.

ప్రశ్న: ఆటోక్యాడ్‌లో గీసిన ప్లాను అప్‌లోడ్ చేస్తే స్థలం విస్తీర్ణం పదింతలు పైగా చూపిస్తోంది. స్కేలు 1:100 పెట్టినాను.
– డ్రాఫ్టింగ్ నేర్చుకుంటున్న విద్యార్థి, అనంతపురం

జవాబు: నువ్వు అడుగుల్లో గీశావు. అనుమతుల ఆన్‌లైన్ వ్యవస్థ ఒక యూనిట్‌ను ఒక మీటరుగా చదువుతుంది. సరిగ్గా 10.76 రెట్లు వస్తే అడుగులు, 1,550 రెట్లు వస్తే అంగుళాలు. మొత్తం బొమ్మను ఎంచుకుని, అడుగులైతే 0.3048తో, అంగుళాలైతే 0.0254తో స్కేలు చెయ్యి. తర్వాత ఒక తెలిసిన పక్క పొడవు చూసుకో. కొలతల అంకెలు చేత్తో టైపు చేసినవైతే అవి మారవు, ఒక్కొక్కటీ సరిచేయాలి.

మోడల్‌లో, అంటే గీసే చోట, బొమ్మ ఎప్పుడూ అసలు సైజులోనే ఉండాలి. 1:100 అనేది ప్రింటు కాగితాన్ని అమర్చే లేఅవుట్ పని. మీటర్లలో గీసి, కాగితం మిల్లీమీటర్లలో ఉంటే 1:100కు వ్యూపోర్టులో (లేఅవుట్‌లో బొమ్మ కనిపించే కిటికీలో) జూమ్ 10ఎక్స్‌పీ, 1:200కు 5ఎక్స్‌పీ, 1:500కు 2ఎక్స్‌పీ. పెట్టిన వెంటనే వ్యూపోర్టుకు తాళం వెయ్యి. లేకపోతే మౌసు చక్రం ఒక్కసారి తిరిగినా స్కేలు పోతుంది, తెలియను కూడా తెలియదు. స్థలం హద్దు ఒకే మూసిన పాలీలైన్‌గా, అంటే చివరలు కలిసిన ఒకే గీతగా ఉండాలి. నాలుగు విడి గీతలుగా ఉంటే విస్తీర్ణం చదవదు.

ప్రశ్న: ఉత్తరం గుర్తు ఫోన్ చూసి పెట్టొచ్చా?
– ఆదోని

జవాబు: పెట్టవచ్చు, స్థలం మధ్యలో నిలబడి. ఇనుప గేటు, కడ్డీల కుప్ప, మోటారు బండి పక్కన నిలబడితే ముల్లు ఇరవై డిగ్రీలైనా పక్కకు పోతుంది. రెండు మూడు చోట్ల చూసి, ఎఫ్‌ఎంబీలో ఉన్న ఉత్తరంతో సరిపోల్చండి. లొకేషన్ ప్లానులో, సైటు ప్లానులో ఉత్తరం ఒకే వైపు ఉండాలి. ఒకదాంట్లో పైకి, ఇంకోదాంట్లో పక్కకు ఉంటే, చూసేవాళ్లు మీ దక్షిణపు రోడ్డును పడమర రోడ్డుగా చదువుతారు.